పదిహేడు గంటల చుక్క

కళ్లద్దాల దుకాణంలో అద్దాలు నూరే ఆవిడను ఆ వీధిలో అందరూ చుక్కలక్క అంటారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు. ఆవిడ ఆ పేరుకే పలకడం మొదలుపెట్టేసరికి వెక్కిరించడంలో సరదా పోయి పేరు మాత్రం మిగిలింది. ఊళ్లోవాళ్ల అద్దాలు నూరగా మిగిలిన తీరికలో ఆవిడ తనకోసం ఒక అద్దం నూరుకుంది. దానికి రెండేళ్లు పట్టింది. రేకు గొట్టంలో బిగించి మేడమీద నిలబెట్టింది.

పద్నాలుగేళ్ల కిందట ఆ గొట్టంలో ఒక అనామకపు చుక్క మూడు రోజులు మసకబారి మళ్లీ తేరుకుంది. పాత పరిశీలనల జాబితాలు తిరగేస్తే, అంతకు పద్నాలుగేళ్ల ముందు కూడా అలాగే జరిగింది. అంటే అది జంట చుక్క. ఒకదానికి మరొకటి అడ్డొస్తోంది. మళ్లీ వచ్చే ఏప్రిల్‌లో అడ్డొస్తుంది. ఎంత మసకబారుతుందో కొలవడానికి రేకు గొట్టం చాలదు, కొండమీది వేధశాలలోని పెద్ద టెలిస్కోపు కావాలి. ఈసారి తప్పితే మరోసారికి ఆవిడకు అరవై దాటుతాయి.

అందుకని రెండు రాత్రుల సమయం ఇమ్మని దరఖాస్తు పెట్టింది. చుట్టుపక్కల చుక్కలతో దారి పటాలు గీసింది. పోల్చి చూడటానికి కాంతి మారని చుక్కలు మూడు ఎంచుకుంది. ఒక్కో ఫోటోకు ఎంతసేపు పట్టాలో, మబ్బు కమ్మితే ఏ వరుస వదిలేయాలో కూడా రాసి జతచేసింది.

జవాబు రెండే ముక్కల్లో వచ్చింది. అడిగిన నెలలో ఆ నక్షత్రం సూర్యుడి పక్కనే ఉంటుంది, రాత్రి కనిపించదు.

తమ్ముడు ఉత్తరం చదివి మడిచాడు. "పోనీలేవే అక్కా. వాళ్లు పెద్ద చదువులవాళ్లు. మనం అద్దాలు నూరుకునేవాళ్లం."

"వాళ్ల కళ్లద్దాలు నూరేదీ నేనేరా," అంది ఆవిడ.

ఆ పూటంతా ఉత్తరాన్నీ తన దరఖాస్తు నకలునూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. చివరికి దొరికింది. ఆకాశంలో చుక్క చిరునామాను గంటల్లో రాస్తారు. ఒక గంటంటే పదిహేను డిగ్రీలు. ఆవిడ రాసింది పదిహేడు గంటలు. వాళ్ల ఉత్తరంలో చుక్క చిరునామా దగ్గర గంటల గుర్తు 'గం.' ఎగిరిపోయి ఉత్త పదిహేడు మిగిలింది. దాన్ని డిగ్రీలనుకుని లెక్కేస్తే చుక్క ఏప్రిల్‌లో సరిగ్గా సూర్యుడి ఒళ్లో కూర్చుంటుంది.

మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి వేధశాల ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా నకలు చూసి నాలుక కరుచుకున్నాడు. దరఖాస్తుల జాబితా టైపు చేసింది తనే. సొరుగులోంచి అచ్చు కాగితం ఒకటి తీసి, దీనిమీద సంతకం పెడితే మళ్లీ రాత్రులు కేటాయించే సంఘం ముందుకు వెళ్తుందన్నాడు, నాలుగింటికి జాబితా మూసేస్తారు కాబట్టి తొందరపడమన్నాడు. 'నా దరఖాస్తులోని పొరపాటును సవరిస్తున్నాను' అని ఉంది అందులో.

ఆవిడ కలం మూత పెట్టేసింది. పొరపాటు తనది కాదంది. అందరూ దీనిమీదే పెడతారని గుమాస్తా బతిమాలాడు. గడియారం మూడున్నర చూపిస్తోంది. తలుపు పక్క బల్లమీద కూర్చుని, సంఘం పెద్ద బయటికొచ్చేదాకా కదలనంది.

పెద్దాయన వచ్చేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ. గుమాస్తా చెవిలో చెప్పింది విని, సంతకం పెట్టేయమ్మా, ఫైలు కదలాలి కదా అన్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. "గంటకెన్ని డిగ్రీలండీ?"

"పదిహేను," అన్నాడాయన అలవాటుగా. తర్వాత ఉత్తరాన్నీ నకలునూ అందుకుని చూశాడు. రెండింట్లోనూ పదిహేడు మీద వేలు పెట్టి పోల్చాడు.

"చిన్న మాటేగా అమ్మా. దీనికింత పంతమా?"

"చిన్నదే. కానీ చుక్క ఎక్కడుందో రాయడం రానిదాన్నని నేనే సంతకం పెట్టి ఇస్తే, రేపు అదెంత మసకబారిందో కొలిచి తెస్తే ఎవరు నమ్ముతారండీ? ఇవ్వకపోతే మానండి. ఇది మాత్రం పెట్టను."

పెద్దాయన అచ్చు కాగితంలో 'నా దరఖాస్తులోని' అన్నది కొట్టేసి, పైన 'మా జాబితాలోని' అని రాసి, కింద తనే సంతకం పెట్టాడు. రెండు రాత్రులు కుదరదు, ఆ వారంలో ఒక్కటే ఖాళీ ఉందన్నాడు.

"రెండో రాత్రి మాట మళ్లీ అడుగుతానండీ," అంది.

గుమాస్తా గబగబా కొత్త ఉత్తరం టైపు చేసి చేతిలో పెట్టాడు. ఆవిడ సంచిలో పెట్టబోతూ ఆగి, ఒకసారి చదువుకుని, వెనక్కి అతని ముందుకు జరిపింది.

"గం. రాయండి బాబూ."