మైకు ఆపడం మరిచిన సోమవారం

బల్ల మీద ఒక కంప్యూటర్ పెడితే చాలు, సర్కారు ఆఫీసులో పనులన్నీ వాటంతటవే పరుగెత్తుతాయని నేను మనస్ఫూర్తిగా నమ్మిన కాలం ఒకటుండేది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. తాండూరులో డిగ్రీ అయిపోగానే ఒక మండలాఫీసులో కాంట్రాక్టు మీద ఆపరేటరుగా చేరాను. (ఏ మండలమో చెప్పను. అక్కడ ఇప్పటికీ నాకు పనులు పడుతుంటాయి.) పది నిమిషాలు కుదురుగా ఉండటం నాకు చేతకాదు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతున్నంతసేపూ కిటికీ దగ్గరికీ గుమ్మం దగ్గరికీ తిరుగుతూనే ఉండేదాన్ని. కరణ్‌కోటలో రాతి గనిలో పనిచేసే మా నాయన "సర్కారు ఆఫీసుల పని దొరికింది బిడ్డా, జర నిమ్మళంగ చెయ్యి" అనేవాడు. ఆయనకేం తెలుసు? నేను పోతున్నది ఉద్యోగానికి కాదు, వ్యవస్థను బాగుచేయడానికి.

ఆ ఆఫీసులో ఒక పాత గుమాస్తా ఉండేవారు. ఏది అడిగినా "రేపు" అంటారని జనం ఆయనకు రేపుసారు అని పేరు పెట్టుకున్నారు. మనిషి చెడ్డవారు కాదు, డబ్బాలోని అటుకులు నాకు పెట్టకుండా ఏనాడూ తినలేదు. కాకపోతే ఆయన వెనకాల ఒక ఇనుప బీరువా ఉండేది. అందులోకి పోయిన కాగితం మళ్లీ వెలుతురు చూడటం అరుదు.

ఆ ఏడు మా ఆఫీసును ఆధునికం చేశారు. వరండాలో టోకెన్లిచ్చే యంత్రం వచ్చింది, నంబర్లు పిలవడానికి గోడకు ఒక స్పీకరు వచ్చింది. అందులోంచి రికార్డు చేసిన గొంతు ఒకటి "పదిహేడవ సంఖ్య గలవారు ప్రథమ గవాక్షము వద్దకు విచ్చేయవలసిందిగా ప్రార్థన" అనేది. ఒక్కరూ కదిలేవారు కాదు. ఒక పెద్దాయనయితే స్పీకరుకు రెండు చేతులూ జోడించాడు. రెండు రోజులు చూసి మా తహసీల్దారు మేడం "దాన్ని బందు పెట్టి నువ్వే మైకులో పిలువమ్మా" అన్నారు. నేను "పదిహేడో నంబరోళ్లు, జర లోపలికి రాండ్రి" అంటే జనం లేచి వచ్చేవారు. నా గొంతుతోనే పరిపాలన కదిలిందని నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఆ సోమవారం వికారాబాద్ నుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని కబురు. పొద్దున్నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. వరండా నిండా జనం. అందులో గొర్రెల అవ్వ కూడా ఉంది. గొర్రెలు కాసుకుంటూ రెండెకరాలు చేసుకునే మనిషి. భర్త పోయాక ఆ భూమిని తన పేరు మీదికి మార్చమని దరఖాస్తు పెట్టి అయిదు నెలలైంది. కంది కోతకొచ్చింది, పాసుబుక్కులో పేరు లేకపోతే కొనుగోలు కేంద్రంలో పంట తీసుకోరు. మరిదేమో ఆ భూమి తనదేనని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఆమె రావడం అది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా రేపుసారు చెప్పమన్నట్టే, ఫైలు వికారాబాద్ పోయింది, ఇంకా రాలేదని చెప్పి పంపాను.

పదహారో నంబరును పిలిచాను, ఎవరూ రాలేదు. తర్వాతిది అవ్వ నంబరే. ఆమెకేం చెప్పాలో ముందే తెలుసుకుందామని, మైకును అలాగే వదిలేసి రేపుసారు దగ్గరికి నడిచాను.

"సార్, అవ్వ ఫైలు వికారాబాద్ నుంచి వచ్చిందా?"

"పోతే గద వచ్చేది" అన్నారాయన తాపీగా. "నా బీరువలనే ఉన్నది. నాలుగో అరల, ఎర్ర కట్ట కింద. అది తియ్యాల్నంటె కట్టలన్ని దించాలె, నా నడుము సంగతి నీకెర్కనే. ఇంకా రాలేదని చెప్పు."

"ఎన్నిసార్లని చెప్పాలె సార్?"

"నువ్వు చెప్తలేవా అబద్ధాలు? పొద్దుగాల సర్వర్ లేదని మందిని ఆపితివి. మంచిగనే నడుస్తుండె గద."

"ఆకలైంది సార్. బస్సు కోసం ఏం తినకుంట ఉరికొచ్చిన. రెండు ఇడ్లీలు తినేదాంక ఆపిన, గంతే."

అప్పటికి గాని వరండాలో చడీచప్పుడూ లేదని నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే మైకు మీద దీపం వెలుగుతోంది. నేను దాని దగ్గరికి చేరేలోపే అవ్వ లోపలికి వచ్చేసింది.

"నాలుగో అరలనట గద బిడ్డా" అంది, కోపం లేకుండానే. "కట్టలు నేను దించుత, సారును కూసోమను." ఆగి, నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఇడ్లీలు తిన్నవా మరి?" అని అడిగింది.

తిన్నానని తలూపాను. ఆమె వెనక గుమ్మంలో మేడం, మేడం పక్కన తెల్లచొక్కా పెద్ద అధికారి. కాంట్రాక్టు ఉద్యోగానికి నోటీసు కూడా అక్కర్లేదు. సాయంత్రం మా నాయనకు ఏం చెప్పాలో అప్పుడే వెతుక్కోవడం మొదలుపెట్టాను.

"ఈ పద్ధతి ఎప్పటినుంచి?" అని అధికారి అడిగారు.

మేడం నన్ను చూశారు, మైకును చూశారు. "ఇవ్వాళ్టి నుంచే సార్" అన్నారు.

"ఏ ఫైలు ఎక్కడుందో, ఎందుకు ఆగిందో జనానికి వినిపించేటట్టు చెప్తున్నారు" అన్నారు అధికారి. "బాగుంది, ప్రతి సోమవారం చెయ్యండి. ఇడ్లీల దాకా అక్కర్లేదు." (ఆయనకు నిజంగా అర్థం కాలేదో, అర్థమయ్యే అలా అన్నారో నాకు ఈ రోజుకీ తెలియదు.)

ఆ పూటే ఎర్ర కట్ట దిగింది. సగం కట్టలు అవ్వే దించింది. రేపుసారు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడారు గాని, మైకు ఏ మూల వింటోందోనన్న భయంతో అచ్చం ఆ రికార్డు గొంతులాగే మాట్లాడేవారు. మంచినీళ్లు కావాలన్నా "కొంచెము జలము ఇప్పించగలరా" అనేవారు. నేను మాత్రం ప్రతి సోమవారం గంటసేపు ఫైళ్ల జాడలు చదివాను. అందులో నా దగ్గర ఆగినవీ ఉండేవి, వాటి దగ్గరికొచ్చేసరికి గొంతు దానంతటదే సన్నబడేది.

కంది కల్లం నుంచి కదలకముందే అవ్వకు పాసుబుక్కు వచ్చింది. తీసుకున్నాక వెంటనే వెళ్లిపోలేదు. "మైకుల నా పేరు సదువు బిడ్డా. మా మరిది బయట నిలవడ్డడు" అంది. చదివాను. "ఎకరాలు గూడ సదువు" అంది. అవీ చదివాను.

ఇప్పుడు నాది వికారాబాద్‌లో పర్మినెంటు ఉద్యోగం. ఏ దరఖాస్తు ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఆగి ఉందో ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చు. మొన్న నవాబుపేట నుంచి వచ్చిన ఒకాయన తన ఫోను తెరిచి నా ముందు పెట్టాడు. ఆయన దరఖాస్తు ఆగి పదకొండు రోజులు, దాని ఎదురుగా నా హోదా. "మేడం, గిది మీరేనా?" అని మర్యాదగానే అడిగాడు. చెప్పడానికి నా దగ్గర కారణాలున్నాయి, అన్నీ నిజమైనవే. కానీ వ్యవస్థను బాగుచేయడానికి బయల్దేరిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల పక్కనే నిలబడి వాటిని వింటున్నట్టనిపించి నవ్వొచ్చింది. ఆ పిల్లకు ఇప్పటి నేను పెద్దగా నచ్చనేమో. "నేనే అన్నా, కూసోండ్రి" అని చెప్పి ఫైలు తెరిచాను.