తమ్ముడికి ఆటలమ్మ పోసినప్పుడు

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. కూర్చోబెట్టి అన్నం పెడితే సగం ముద్దలు వాకిట్లో తిరుగుతూ తినేదాన్ని. అలాంటిదాన్ని తొమ్మిదేండ్ల వయసులో మా అమ్మ తొమ్మిది రోజులు ఒక్క చోట కూర్చోబెట్టింది. తమ్ముడికి ఆటలమ్మ పోసింది. వాడికి ఇంకా రెండేండ్లు నిండలేదు.

మోదుగులు పూసే కాలం. మా ఊరు పానగల్లుకు అవతల. రజాకార్లు పోయారని ఊరు ఊపిరి పీల్చుకునేలోపే మిలిట్రీ వచ్చి దిగింది. దొరలను ఎదిరించిన సంఘంలో తిరిగిన మగవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. మా బాపు కూడా సంఘంలో తిరిగినవాడే. అందుకని గుట్టల్లో ఉంటున్నాడు. దొరికితే కొడతారని కాదు మా భయం. దొరికినవాళ్లలో కొందరు మళ్లీ కనిపించలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

తమ్ముడి వీపు మీద పొద్దున నాలుగు పొక్కులు కనిపించాయి. సాయంత్రానికి ఒళ్లంతా అవే. అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇక బయటివాళ్లు లోపలికి రాకూడదు, ఇంట్లోవాళ్లు బయటికి పోకూడదు. పొయ్యి మీద తాలింపు పడలేదు. నాకు తల దువ్వలేదు. నా చేతికి ఒక లేత వేపమండ ఇచ్చి, వాడు గోక్కోబోయినప్పుడల్లా దానితో నిమరమన్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, బాపును కన్న మా అవ్వ పెట్టిన ఆన ఒక ఎత్తు.

"వాన్ని ఒరే గిరే అనకు. కసురకు. ఇప్పుడు వాడు నీ తమ్ముడు కాదు, తల్లి. ఏమడిగితే అది ఇయ్యాలె. లేకుంటే తల్లికి కోపమొస్తది."

నిన్నటి దాకా నా చేత మొట్టికాయలు తిన్నవాణ్ని "జర చెయ్యి తియ్యి తల్లీ" అని బతిమాలాలి. వాడికి విషయం అర్థమైపోయిందనే అనుకుంటాను. నా గాజులు అడిగాడు, ఇచ్చాను. నేను దాచుకున్న బెల్లం ముక్క అడిగాడు, ఇచ్చాను. నా జుట్టు పట్టుకుని గుంజాడు. "గుంజు తల్లీ" అన్నాను, పళ్లు నూరుకుంటూ. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మా ఇంట్లో అడిగేదే అమ్మయి కూర్చుంది.

మూడో రోజు వాడు "బాపు" అన్నాడు.

మొదట ఎవరమూ పట్టించుకోలేదు. దురద ఎక్కువైంది, ఒళ్లు కాలిపోయింది, వాడు మాత్రం అదే మాట. చాప మీద దొర్లుతూ బాపు కావాలని ఒకటే ఏడుపు. అవ్వ మా అమ్మ వైపు చూసింది.

"పోరడు అడుగుతలేడు. తల్లి అడుగుతాంది."

"తల్లి అడిగితే మాత్రం? ఆయన ఊర్లకొస్తే ఏమైతదో నీకు ఎరుక లేదా అత్తా?" అంది అమ్మ. అని, విసుర్రాయి దగ్గరికి పోయి, విసరడానికి గింజలేమీ లేకపోయినా దాని పిడి పట్టుకుని కూర్చుంది.

ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు. మధ్యలో నేను. కాళ్లు తిమ్మిరెక్కేవి. లేచి గుమ్మం దాకా పోయేదాన్ని, వచ్చి కూర్చునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని, కాలు కాలిన పిల్లిలా. వాడి పొక్కులు లెక్కపెట్టడం మొదలుపెట్టి సగంలో తప్పిపోయి, మళ్లీ మొదటికొచ్చేదాన్ని. వాడికి దురద పుడితే నా ఒళ్లు గోక్కోబుద్ధయ్యేది. బాపు మీద కోపం, మిలిట్రీ మీద కోపం, ఈ బుడ్డ తల్లి మీద ఇంకా కోపం.

రోజూ పొద్దున మేకల పెద్దమ్మ మా పెరటి గోడ అవతల నిలబడి వేపాకు అందించేది. మేకలు తోలుకుపోతూ గుట్టల్లో ఉన్నవాళ్లకు రొట్టెలు చేరవేసేది ఆమే. ఆరో రోజు ఆకు అందుకుంటూ ఆమె చెవిలో చెప్పేశాను.

"బాపుకు చెప్పు పెద్దమ్మా. తల్లి రమ్మంటాందట. జల్ది రమ్మను, కూసుండి కూసుండి నాకు ఇసుగొస్తాంది."

మర్నాడు పట్టపగలు, ఊరంతా చేన్లలో ఉన్న వేళ, బాపు పెరటి గోడ దూకి వచ్చాడు. భుజాన గొంగడి, ముఖం నిండా గడ్డం. బాపు చాప దగ్గర కూర్చుని చేతులు చాపాడు. తమ్ముడు ఆ గడ్డం వంక చూశాడు. నాలుగు రోజులుగా ఎవరి కోసం ఏడ్చాడో ఆ మనిషిని చూసి ఇల్లు అదిరేటట్టు కెవ్వుమన్నాడు.

అప్పుడే వీధిలో బూట్ల చప్పుడు.

బాపు జొన్నలు పోసుకునే గరిసె వెనక్కి జరిగాడు. అమ్మ తమ్ముణ్ని ఒళ్లోకి లాక్కుని పాలిచ్చింది. నేను వేపమండ పట్టుకుని కూర్చున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నా ఒళ్లు కదలకుండా ఉన్నది ఆ కాసేపే. బూట్లు మా గుమ్మం ముందు ఆగాయి. వాళ్లను వెంట తిప్పుతున్న పటేలు గొంతు వినిపించింది.

"ఇంట్ల తల్లున్నది సాబ్. గట్ల యాపమండలు కడితే లోపట పోసినట్టు. పోవద్దు."

బూట్లు ముందుకు కదిలాయి. తమ్ముడు పాలు తాగుతూనే నిద్రపోయాడు. బాపు వాడి పొక్కుల పాదాన్ని చెంపకు ఆనించుకుని, కాసేపు అలాగే ఉండి వెళ్లిపోయాడు.

తొమ్మిదో రోజు వేపాకు, పసుపు వేసిన నీళ్లు తమ్ముడికి పోశారు. నేను వీధి చివరి దాకా పరుగెత్తి, ఊరికే మళ్లీ పరుగెత్తుకుంటూ వచ్చాను.

రెండు వారాలు తిరిగేసరికి బాపుకు పోసింది. చిన్నప్పుడు ఆయనకు రాలేదట. జ్వరంతో లేవలేని మనిషిని గుట్ట కింద గొర్రెల దొడ్డిలో పడుకోబెట్టారు. మేకల పెద్దమ్మ ఆచారం తప్పకుండా ఆ దొడ్డి తడికెకు కూడా వేపమండలు కట్టింది. మనుషులుండని చోట మండలు కడితే లోపల మనిషి ఉన్నాడనే కదా. మండలంటే ఏమిటో మిలిట్రీకి మా గుమ్మం ముందే తెలిసింది. వచ్చి పట్టుకుపోయారు.

మూడేండ్లు జైలు. బాపును ఇంటికి రమ్మన్న కబురు అవ్వే పంపిందని అమ్మ అనుకుంది. మూడేండ్లు అవ్వకు అన్నం పెట్టింది గానీ ముఖం చూసి మాట్లాడలేదు. అవ్వేమో తల్లే పిలిపించుకుందని నమ్మింది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది.

బాపు తిరిగొచ్చిన రోజు ఆయన ముఖం నిండా ఆటలమ్మ మచ్చలు. తమ్ముడు ఈసారీ గుర్తుపట్టక నా వెనక నక్కాడు. అందరూ ఉండగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"నేనే రమ్మన్న బాపూ. తల్లి కాదు. అవ్వ కూడ కాదు."

అమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. అవ్వ వైపు చూడలేక తల దించుకుంది. బాపు నన్ను దగ్గరికి తీసుకున్నాడు.

"ఎరుకే బిడ్డా. తల్లికి యాడనన్న ఇసుగొస్తదా? నీకు ఇసుగొస్తాందంటేనే వచ్చిన."