ఉట్నూరు గుట్టల్లో మగపురుగు కోసం మూడు రోజులు

సెలవు పెట్టి ఎక్కడికని అడిగినవాళ్లందరికీ పెళ్లికొడుకును వెతకడానికని చెప్పాను. అబద్ధం కాదు. నిరుడు ఉట్నూరు గుట్టల వాగులో నాకు ఒక క్యాడిస్ ఈగ దొరికింది. చూడటానికి బూడిదరంగు చిన్న రెక్కలపురుగు. రెక్కలు రాకముందు నీళ్లలో ఇసుక రేణువులు అతికించి, తనకు సరిపడా ఇల్లు కట్టుకొని ఉంటుంది. ఇది ఎవరూ వర్ణించని కొత్త జాతి అని నా నమ్మకం. కానీ దొరికింది ఆడది. జాతి తేలేది మగదాని తోక చివర చూస్తేనే. "మగది లేకుండా నాకు కనబడకు" అన్నారు మా ప్రొఫెసరు. చలి ముదిరితే ఇవి ఎగరవు. ఈలోగా ఇంకెవరైనా పేరు పెట్టేస్తే నా పని గోవిందా.

కాచిగూడలో చిన్నలైను బండి ఎక్కి, బాసర దగ్గర గోదావరికి దండం పెట్టుకొని, ముద్‌ఖేడ్‌లో మారితే మర్నాటికి ఆదిలాబాదు చేరతాం. ఉట్నూరు బస్సుకు రూపాయి ఇరవై నయాపైసలు. ఆఖరి నాలుగు మైళ్లూ ఎడ్లబండి. బండాయన నా వలను చూసి, "ఈగల కోసం హైద్రబాద్ నుంచి వచ్చిండ్రా? మా కొట్టంల మస్తున్నయ్, కొండవోండ్రి" అన్నాడు.

నేను బస చేసిన ప్రభుత్వ బంగళాకు చౌకీదారు ఖాదర్ భాయే వంటవాడు కూడా. ఆయనకు మాత్రం గంభీరంగా "పరిశోధన" అని చెప్పి ఊరుకున్నాను. పొద్దుగూకగానే వాగు ఒడ్డున తెల్లపంచెను తెరలా కట్టి, వెలుగుకు పురుగులు వచ్చి వాలతాయని దానిముందు పెట్రోమాక్స్ వెలిగించాను. దోమ కూడా రాలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు, ఆఖరి సాయంత్రం, ఏదో పొగవాసన వచ్చి చెట్లవెనక్కి వెళితే, ఖాదర్ భాయ్ నిప్పులమీద వేపాకు వేసి నా దీపంవైపు విసురుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్ భాయ్?"

"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. పదేండ్ల సంది గీ బంగ్లల ఒక్క పురుగు సాబ్‌ల మీద వాలలే. మిమ్మల్ని వాలనిస్తనా?"

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సంగతి చెప్పాను. పాపం, కుండెడు నీళ్లు తెచ్చి నిప్పులు ఆర్పాడు. అప్పటికే పంచె నిండా వేపపొగ. దీపం ఆర్పేసి, నీరసంగా వంటింట్లో భోజనానికి కూర్చున్నాను. పొగ పెట్టనిది ఆ ఒక్క గదిలోనే. తరిమిన పురుగులన్నీ అక్కడి లాంతరు చుట్టూ చేరాయి. బూడిదరంగు రెక్కలది ఒకటి నా పప్పులో పడింది. ఖాదర్ భాయ్ గరిటెతో తీసి పారేయబోతే చెయ్యి పట్టుకున్నాను. స్పిరిటులో కడిగి భూతద్దం పెట్టి చూశాను. మగదే. ఆనందం పట్టలేక, "నీ పేరే పెడతా భాయ్" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "పురుగుకు నా పేరా? వద్దు సాబ్. గా పురుగు పప్పుల వడ్డదని కాయిదంల రాసిండ్రంటే నా నౌకరి పోతది."

పురుగు దొరికిన చోటు చీటీమీద ఉన్నదున్నట్టు రాయాలి, అది మా నియమం. పదేళ్ల కష్టం ఆయనది. పెన్ను తీశాను. వంటిల్లు వాగుకు ఇరవై అడుగులే కదా. "వాగు ఒడ్డు, దీపం దగ్గర" అని చీటీ రాసి చదివి వినిపించాను. ఆయన రెండోసారి చదివించుకొని, అప్పుడు రొట్టె తిన్నాడు. పురుగుకు వాగు పేరే పెట్టాను. ప్రొఫెసరు మెచ్చుకున్నదానికంటే ఆ రొట్టె తినడమే నాకు ఎక్కువ తృప్తినిచ్చింది.

అటు వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: దిగగానే మీకేం కావాలో చౌకీదారుకు విడమరిచి చెప్పండి. చెప్పడం మరిచిపోతే, పప్పుగిన్నెకు మూత పెట్టనివ్వకండి.