పెదబాబు బాబాయి మూడోసారి

పెదబాబు బాబాయికి ఒకటి వచ్చు, రెండు వచ్చు. మూడు అనడమే రాదు.

చదువు లేక కాదు. ధవళేశ్వరం దిగువన మా రేవులో చేపల వేలంపాట పెట్టేది బాబాయే. వరసకి కాకపోయినా రేవంతటికీ బాబాయే. పడవ ఒడ్డుకి రాగానే తట్ట ముందు నిలబడి, "ఎనిమిది వందలు! ఒకటోసారి..." అంటాడు. మెడ నరాలు ఉబ్బేలా "రెండోసారి..." అంటాడు. అక్కడ ఆగిపోతాడు. జనం వైపు చూస్తాడు. గోదారి వైపు చూస్తాడు. మళ్ళీ జనం వైపు చూస్తాడు. తట్టలో చేప ఆఖరిసారి నోరు తెరిచి మూసి, ఇక లాభం లేదనుకున్నాక, అప్పుడు "మూడోసారి" అంటాడు.

"పెదబాబూ, నీ రెండుకీ మూడుకీ మధ్యలో మా అమ్మాయికి సంబంధం కుదిరిపోయేలా ఉందయ్యా" అని హోటల్ గంగాధర్ గారు ఏడిపించేవారు.

"కుదిరితే మంచిదే కదండి. విందుకి చేప నేనే ఇప్పిస్తాను."

ఈ జబ్బు రేవుతో ఆగలేదు. పట్టిసీమ గుడిలో మూడు ప్రదక్షిణలని మొక్కుకుని, రెండు చేసి నిలబడిపోయాడు. ఎవరో ముసలావిడ ముందు నడుస్తోందట, ఆవిడ వెళ్ళాక చేస్తానన్నాడు. ఆవిడ మెల్లిగా నూట ఎనిమిది చేస్తోందని తెలిసేసరికి లాంచీ వెళ్ళిపోయింది.

ఇంకా ముందు, పెళ్ళిలో రెండు ముళ్ళు వేసి ఆగాడట. పంతులు గారు అందరి చేతా అక్షింతలు పైకెత్తించేశారు. సన్నాయి ఆయన బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు. బాబాయి మాత్రం తాడు కొసలు చేత్తో పట్టుకుని అలా చూస్తూ ఉన్నాడు. మామగారు కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడ్డాక గానీ మూడో ముడి పడలేదు. ఆపుకోలేక సన్నాయి ఆయనకి దగ్గు ముంచుకొచ్చి, పెళ్ళి క్యాసెట్‌లో గట్టిమేళం బదులు ఆ దగ్గే రికార్డయింది.

"ఇప్పటికీ నాకు పెళ్ళి పూర్తిగా అయినట్టు అనిపించదే లోవా" అనేది నూకరత్నం పిన్ని నాతో. "ఎందుకాగావయ్యా అని ఇరవై ఆరేళ్ళ నుంచీ అడుగుతున్నాను. చెప్పడు."

కిందటేడు వరదలో ఒక కుక్కపిల్ల ప్లాస్టిక్ డ్రమ్ము పట్టుకుని కొట్టుకొస్తుంటే, బాబాయి పడవ వేసుకెళ్ళి తీసుకొచ్చాడు. తడిసి, సన్నగా పొడుగ్గా బొమ్మిడాయి చేపలా ఉంది. అదే పేరైపోయింది. దాన్ని ఖాళీ తట్టలో కూర్చోబెట్టి పాట మొదలెట్టాడు.

"కుక్కపిల్ల! వరదని చూసొచ్చింది, దేనికీ భయపడదు! ఊరికే ఇస్తున్నా! ఒకటోసారి... రెండోసారి..."

ఎవరూ పలకలేదు. బాబాయి మూడోసారి అననూ లేదు. కాబట్టి మా రేవు పద్ధతి ప్రకారం ఆ పాట ఏడాదిగా నడుస్తూనే ఉంది. బొమ్మిడాయి ఎవరిదీ కాలేదు గనక అందరిదీ అయింది. పొద్దున గంగాధర్ గారి హోటల్ దగ్గర ఇడ్లీ, మధ్యాహ్నం పిన్ని దగ్గర అన్నం, సాయంత్రం, పాటలో కొని ఊళ్ళో తిరిగి అమ్ముకునే మా తట్టల వాళ్ళ దగ్గర చేప తలకాయలు. పాట జరుగుతున్నంతసేపూ బాబాయి కాళ్ళ దగ్గరే కూర్చుని, ఆయన జనం వైపు చూస్తే అదీ చూసేది.

మొన్న ఒక ఆదివారం తెల్లవారుతుండగా, ఐసు వ్యాను వెనక్కి వస్తూ దాని మీదికి ఎక్కేసింది.

డ్రైవర్ తాతాజీ దిగి చూసి నేల మీద కూలబడిపోయాడు. బాబాయి భుజం మీది తువ్వాలు పరిచి, బొమ్మిడాయిని దానిలోకి ఎత్తి, చేపల తట్టలో పెట్టాడు. పిన్ని ఆ తట్ట ఒళ్ళో పెట్టుకుని ఆటోలో రాజమండ్రి వెళ్ళింది. పడవలు అప్పటికే వచ్చేస్తున్నాయి. పాట పెట్టేవాడు కదలడానికి లేదు.

ఏడుంబావుకి పిన్ని ఫోన్ చేసింది. పాటలో ఉండగా బాబాయి ఫోన్ నా దగ్గరే ఉంటుంది.

"తొడ ఎముక రెండు ముక్కలయిందంట. లోపల రక్తం కారుతోందంట. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలంట. డాక్టరు గారు తన ఫీజు వద్దన్నారు, మంచాయనే. కానీ ప్లేటూ, స్క్రూలూ, మందులూ కలిపి పన్నెండు వేలంట. తొమ్మిది లోపు డబ్బు వస్తేనే సామాను తెప్పించగలరంట. ఆ తర్వాత ఆయన ఊరెళ్ళిపోతున్నారు, ఎల్లుండి దాకా రారంట."

"ఎల్లుండి దాకా ఆగుతుందా పిన్నీ?"

వెనక బొమ్మిడాయి మూలుగు మాత్రం వినిపించింది.

ఐస్‌క్రీమ్ డబ్బా ఒకటి తిప్పాము. తాతాజీ జేబులో ఉన్న అయిదువందలూ వేసేశాడు. మిగతావాళ్ళవి పదులూ ఇరవైలూ. అవి ఇంజక్షన్లకీ సెలైన్‌కీ సరిపోయాయంతే. నేను ఫోటో పెట్టి వాట్సాప్ స్టేటస్ వేశాను. అరవై రెండు మంది చూశారు. పద్నాలుగు మంది ఏడుపు బొమ్మలు పంపారు. ఒకాయన దండం పెట్టాడు.

ఎనిమిదిన్నర దాటింది. ఇంకో పదిహేను తట్టలు మిగిలాయి. పెద్ద సరుకంతా అందులోనే ఉంది. బాబాయి ఉన్నట్టుండి అవన్నీ పక్కకి జరిపి తన బుట్ట మధ్యలోకి లాగాడు. మా రేవులో పాట పెట్టినందుకు పడవకో చేప ఇస్తారు, అదే ఆయన కూలి. ఆ పూట కూలి నాలుగు జెల్లలు, గుప్పెడు పరిగెలు, ఒక మట్టగిడస. ఎంత మొహమాటపడి కొన్నా రెండు వందలు దాటదు.

"బొమ్మిడాయి బుట్ట!" అని అరిచాడు. "ఆపరేషన్‌కి! పాడండి!"

జనం నవ్వారు. గంగాధర్ గారు "మూడు వందలు, పోనీ" అన్నారు. ఎవరో అయిదన్నారు. చేపల లారీల సురేష్‌బాబు గారు వాచీ చూసుకుని "వెయ్యి! కానివ్వు" అన్నారు.

"వెయ్యి! ఒకటోసారి... రెండోసారి..."

ఆగాడు.

ఇక్కడ మా రేవు కట్టుబాటు ఒకటి చెప్పాలి. ఒక బుట్ట పాట తెగేదాకా ఇంకో తట్ట మూత తియ్యకూడదు. కాటా కదలకూడదు. 'మూడోసారి' అనే మాట పాట పెట్టేవాడు తప్ప ఇంకొకరు అనకూడదు. తాతల నాటి కట్టు. దాన్ని ఇలా వాడుకోవచ్చని ఏ తాతకీ తట్టి ఉండదు.

ఎండ ఎక్కుతోంది. ఐసు కరిగి తట్టల కింద నుంచి కాలవ కడుతోంది. రోడ్డు మీద లారీ హారన్ కొట్టింది.

"పెదబాబూ, తెంపవయ్యా! హోటల్‌కి జనం వచ్చేస్తారు. పదిహేను వందలు!"

"పదిహేను! ఒకటోసారి... రెండోసారి..."

"రెండు వేలు! నా లారీ బెజవాడ వెళ్ళాలయ్యా!"

"అలాగే వెళ్దురు గానండి. రెండు వేలు! ఒకటోసారి..."

అలా ఒకరి మీద ఒకరికి పంతం పెరిగి, ఐసు తరిగి, రెండు వందల బుట్ట ఏడు వేల దగ్గరికి వచ్చింది. అది సురేష్‌బాబు గారి పాట. గంగాధర్ గారు చేతులు ఎత్తేశారు. నేను ఫోన్‌లో టైము చూశాను. ఎనిమిది నలభై మూడు.

"రెండోసారి..." అన్నాడు బాబాయి. నిలబడిపోయాడు.

"ఇంక రూపాయి పెరగదు" అన్నారు సురేష్‌బాబు గారు. ఈసారి నవ్వడం లేదు. "చెప్పేయ్. నా సరుకు మెత్తబడిందంటే నష్టం నువ్వు కడతావా? రేపటి నుంచి పాటకి వేరేవాణ్ణి పెట్టిస్తాను, చూస్కో."

"పెట్టించండి. ఇవాళ్టికి నేనే ఉన్నాను కదండి."

ఫోన్ మోగింది. "ఏవైందే?" అంది పిన్ని. "అది కళ్ళు మూసేస్తోందే. పిలిస్తే తోక కూడా కదపట్లేదు."

నేను బాబాయికి ఫోన్ చూపించాను. ఆయన చెమట తుడుచుకున్నాడు గానీ నా వైపు చూడలేదు. అప్పుడు నేను ఆయన చూపు ఎటుందా అని చూశాను. నాలుగేళ్ళుగా రోజూ ఆ రేవులో ఉంటున్నా, ఒక్కసారీ అలా చూడలేదు. ముందు వరసలోని షావుకార్ల తలల మీదుగా, వెనక మా తట్టల ఆడవాళ్ళ వైపు ఉంది ఆ చూపు.

మావాళ్ళు పదకొండు మంది ముడుచుకుని నిలబడి గుసగుసలాడుకుంటున్నారు. ఒకరి కొంగు ఒకరు విప్పుతున్నారు. ఆ పూట సరుకు కొనడానికి తెచ్చుకున్న డబ్బు అది. షావుకారు క్షణంలో పాడేస్తాడు. మావాళ్ళు ఒకరినొకరు అడగాలి, కూడదీసుకోవాలి, ధైర్యం చేసుకోవాలి. దానికి టైము పడుతుంది.

నాన్న మంచం పట్టాక, పదో తరగతి పుస్తకాలు సంచిలో కట్టేసి మొదటిసారి తట్ట పట్టుకొచ్చిన రోజు నాకు గుర్తొచ్చింది. 'మూడొందల ఇరవై' అనాలి. నోరు పెగల్లేదు. బాబాయి రెండోసారి దగ్గర నిలబడిపోయాడు. అందరూ విసుక్కున్నారు. చివరికి నా పెదాలు కదిలాయి, అంతే. "మూడొందల ఇరవై, వెనకనుంచి! మూడోసారి!" అని తెంపేశాడు. ఈయన మందకొడితనం నాకు కలిసొచ్చిందనుకున్నాను. ఇన్నాళ్ళూ అలాగే అనుకుంటున్నాను.

మావాళ్ళలో రత్నమాణిక్యం అత్త నన్ను వెనక్కి లాగి నడుం మీద పొడిచింది. "అయ్యింది. పన్నెండు. నువ్వు పాడు."

"నేనా? నువ్వు పాడు అత్తా."

"నాకు జలుబు. చదువుకున్నదానివి, పాడు."

రేవు అంతా ఆయన మూడు కోసం ఊపిరి బిగబట్టి ఉంది. నేను మామూలుగా మాట్లాడినా అందరికీ వినపడేంత నిశ్శబ్దం.

"పన్నెండు వేలు" అన్నాను.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. బాబాయి ముఖం వెలిగిపోయింది. "పన్నెండు వేలు! వెనకనుంచి! ఒకటోసారి!"

సురేష్‌బాబు గారికి చెవులు ఎర్రబడ్డాయి. "ఏంటి, తట్టల వాళ్ళు నా మీద పాడతారా? పన్నెండున్నర!"

"ఒకటోసారిరెండోసారిమూడోసారి!" అన్నాడు బాబాయి.

ఒకే ఊపిరిలో అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నాడు. అని, బుట్ట తీసుకెళ్ళి సురేష్‌బాబు గారి చేతుల్లో పెట్టేశాడు.

ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయారు. ఆ క్షణాన బుట్టలో మట్టగిడసకీ ఆయనకీ పెద్ద తేడా కనిపించలేదు.

"ఏంటయ్యా ఇది! అందరికీ గంటలు గంటలు ఆగుతావు. నాకు ఒక్క నిమిషం ఇవ్వవా?"

"తమరికెందుకండి? తమరి గొంతు యానాం దాకా వినపడుద్ది."

ముందు గంగాధర్ గారు నవ్వారు. తర్వాత తాతాజీ నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూనే. రేవు రేవంతా నవ్వింది. సురేష్‌బాబు గారు కాసేపు కోపంగా ఉండాలని చూశారు గానీ కుదరలేదు. "నంబరు చెప్పమ్మా" అన్నారు నాతో. ఎనిమిది యాభై రెండుకి పిన్ని ఫోన్‌కి డబ్బు వెళ్ళింది. మావాళ్ళు ఎవరి డబ్బు వాళ్ళు మళ్ళీ కొంగున కట్టుకున్నారు.

"ఈ జెల్లలు నేనేం చేసుకోను?" అని గొణుక్కుని, సురేష్‌బాబు గారు బుట్ట నాకే ఇచ్చేశారు. "ఐసులో పెట్టండి. కుక్క తిరిగొచ్చాక ముళ్ళు తీసి పెట్టండి, జాగ్రత్త."

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ బాబాయి మిగతా పదిహేను తట్టలకీ పాట పెట్టాడు. ఒకటోసారి, రెండోసారి, షావుకార్ల తిట్లు, మూడోసారి. మధ్యాహ్నానికి పిన్ని ఫోన్ చేసి ఒకటే మాట చెప్పింది. "తోక ఊపిందే."

పన్నెండో రోజున బొమ్మిడాయి ఇంటికొచ్చింది. వెనక కాలికి కట్టు, అది కొరక్కుండా మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు. ఆ రాత్రి నన్నూ భోజనానికి ఉండమన్నారు. పిన్ని చేపల పులుసు పెట్టింది.

నాకు ఆగలేదు. "బాబాయ్, పెళ్ళిలో ఎవరి కోసం ఆగావు?"

బాబాయి కంచం వైపు చూస్తూ అన్నాడు. "ఈ సంబంధం ఇష్టమేనా అని వాళ్ళ నాన్నని అడిగారు, మేనమామని అడిగారు, నన్ను కూడా అడిగారు. మీ పిన్నిని మాత్రం ఎవరూ అడగలేదే. తను ఏవైనా అంటుందేమోనని చూశాను. తల వంచుకుని కూర్చుంది. పూలజడ తప్ప ఏమీ కనపళ్ళా. పైకి చూసేదాకా ఆగాను."

పిన్ని గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "చూశానా?"

"చూశావు. ఇంకా వెయ్యవేం అని ఉరిమి చూశావు. భయపడి వేసేశాను."

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఘాటు ఎక్కువైంది" అంది. తర్వాత బాబాయి కంచంలో ఒక గరిటె పులుసు వేసింది. రెండో గరిటె వేసింది. మూడోది నింపి, కంచం మీదికి తెచ్చి, గాలిలో ఆపేసి, ఆయన వైపే చూస్తూ నిలబడింది.

కింద బొమ్మిడాయి కూడా తల ఎత్తి చూస్తోంది.