సముద్రానికి వంక వచ్చిన రోజు

గోకర్ణం దగ్గర సముద్రం ఒడ్డున కొండల మీదుగా ఒక్క పూటలో పన్నెండు మైళ్ళు నడిచానని మదనపల్లెలో నేను చెప్పని టీ అంగడి లేదు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. మొదట్లో మూడు మైళ్ళే. వినేవాళ్ళు మంచివాళ్ళు కావడంతో పెరుగుతూ వచ్చింది. నిజానికి అప్పటిదాకా నేను చూసిన సముద్రం మద్రాసులో సిటీ బస్సు కిటికీలోంచి చూసిందే. అదీ పక్క సీటాయన తల అడ్డం రానంత మేరకు.

పోయిన ఏడాది మా అక్క మొగుడు, పుంగనూరు బావ, గోకర్ణం పోదామన్నాడు. దర్శనమయ్యాక నువ్వు నడిచిన దారి మాకూ చూపించమన్నాడు. కుప్పంలో ఉన్న మా తోడల్లుడు కూడా సంచి సర్దుకున్నాడు. నాకు వెంటనే మోకాళ్ళ నొప్పి వచ్చింది. బావ మోకాళ్ళకు నూనె తెచ్చాడు. బయలుదేరేటప్పుడు అక్క బొరుగులు, వేయించిన చెనక్కాయలు ఉన్న సంచి నా చేతికిచ్చింది.

"ఆయనకి ఈత రాదు. నీ మాట నమ్మి పంపుతాండాను. పంపినట్లే తెచ్చి అప్పజెప్పు."

ఈత నాకూ రాదని చెప్పడానికి అది సమయం కాదు.

దేవుణ్ణి చూసుకుని మరుసటి రోజు పొద్దున్నే నడక మొదలుపెట్టాం. అక్కడ ఎర్రరాతి కొండలు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. దారి ఉందో లేదో మేకలకే తెలియాలి. ఎక్కడం, జారడం, మళ్ళీ ఎక్కడం. అనుమానం రాకుండా కనిపించిన ప్రతి బండనూ చూపించి, అప్పట్లో నేను కూర్చుని నీళ్ళు తాగింది ఇక్కడేనని చెబుతూ పోయాను. మూడో కొండ మీద తోడల్లుడు ఆగాడు.

"అన్నా, నువ్వు నడిచినావా, కూర్చోనే వచ్చినావా?"

నాలుగో కొండ కింద రాళ్ళ బాట ఒకటి, దాని అవతల మంచం వేసినంత ఇసుక. రాళ్ళ మీద చీలమండ లోతు నీళ్ళు. దాటుకుని పోయాం. ఒక్కోసారి ఇక్కడ నడుం లోతుంటుంది, అప్పుడు కూడా దాటానని నోరు ఊరుకోక ఒక మాట అనేశాను. బొరుగులు సగం తిని, కొండ నీడలో కునుకు తీశాం.

లేచేసరికి బాట లేదు. రాళ్ళున్న చోట అలలు కొట్టుకుంటున్నాయి. వెనక కొండ గోడలా నిటారుగా ఉంది.

మా ఊళ్ళ పక్క వాగుల్లో, వంకల్లో నీళ్ళు పెరిగాయంటే పైన ఎక్కడో వాన పడిందని అర్థం. బావ తెల్లటి ఆకాశాన్ని ఒకసారి చూసి తీర్మానించాడు.

"యాడో గట్టి వాన పడుండాది. వంక వచ్చింది."

సముద్రానికి పైన అంటే ఎక్కడని తోడల్లుడు అడిగితే, అరబ్బు దేశాల వైపు చెయ్యి చూపించాడు. ఎవరూ నవ్వలేదు. నేనూ అదే లెక్క వేస్తున్నాను. సముద్రానికి పోటు రోజుకు రెండుసార్లు వస్తుందని ఆ రాత్రి లాడ్జీ ఆయన కన్నడంలో, చంటిపిల్లలకు చెప్పినట్లు చెప్పేదాకా మా ముగ్గురికీ తెలియదు.

వంక దాటడం మాత్రం బావకు బాగా తెలుసు. ముగ్గురూ చేతులు పట్టుకోవాలి, బరువున్నవాడు ముందుండాలి. పంచె ఎగ్గట్టి మోకాలి లోతుకు దిగాడు. ఒక అల వచ్చి ఆయన్ను కూర్చోబెట్టి వెళ్ళింది. లేచి, నువ్వు దాటిన చోటే కదా రమ్మని చెయ్యి చాచాడు. తోడల్లుడు ప్యాంటు మడుస్తున్నాడు. నాకు అక్క మాట చెవిలో మోగింది.

"బావా, నేనీడికి ఎప్పుడూ రాలేదు. చెప్పిందంతా అబద్ధం. సముద్రం బస్సులోంచి చూసినాను, అంతే."

బావ నావైపు జాలిగా చూశాడు.

"భయపడి ఇట్లా అబద్ధాలు చెప్తే ఎట్లప్పా? ఇరవై ఏండ్లుగా వింటాండాను, నువ్వెట్లాంటోడివో నాకు తెలీదా?"

అని ఇంకో అడుగు వేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నిజం చెబితే దాని గతి అదీ. ఇక నాలుక తన పని తాను చూసుకుంది.

"సరే బావా, ఇంట్లో ఆడోళ్ళు భయపడతారని చెప్పలేదు. ఈ సందులో ఒక చేపుండాది. మేకంత ఉంటాది. మనిషిని ఏమీ చెయ్యదు, పిక్కల కండ మాత్రం తింటాది. నాతో వచ్చినోడు ఒంటి పిక్కతో ఇల్లు చేరినాడు."

బావ తన పిక్కలు చూసుకున్నాడు. పుంగనూరు పాలూ పెరుగూ తిని పెంచిన పిక్కలు. మెల్లగా ఒడ్డెక్కి, ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదాని నన్ను చెడామడా తిట్టాడు.

కొండకు వీపులానించి మిగిలిన బొరుగులు నమిలాం. నీళ్ళు మా కాలివేళ్ళ దాకా వచ్చాయి. ముందు రోజు క్యూ తప్పించి దూరిపోయిన పాపానికి దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాను. ఎంతసేపటికో నీళ్ళు వెనక్కి తగ్గాయి. పొద్దు వాలేసరికి రాళ్ళ తలలు తేలాయి.

"సూడు, వంక దిగిపోయింది" అన్నాడు బావ. రెండు పిక్కలకూ తువ్వాలు చించి చుట్టుకున్నాడు. చేపకు పాత పరిచయమని నన్ను ముందు నడిపించాడు.

అక్కకు బావను పంపినట్లే అప్పజెప్పాను, తువ్వాలు తప్ప.

ఇప్పుడు పుంగనూరు టీ అంగళ్ళలో ఆ చేప కథ చెప్పేది బావే. దాని వీపు ఆయన కళ్ళారా చూశాడట. నేను మేకంత అని వదిలిపెట్టింది మొదట పుంగనూరు ఆవంత అయింది, ఈ మధ్య ఒంగోలు ఎద్దు దాకా వచ్చింది. మొన్న బావ పక్కనే ఉండగా ఒకాయన నన్ను నిలదీశాడు, నిజంగా అంత పెద్దదేనా అని.

"నేను చూసినప్పుడు ఇంకా చిన్నదప్పా" అన్నాను.