ఎండకు ఠండా ప్లగ్గులు

మే నెలలో ఢిల్లీ కంటోన్మెంటులో దిగాను. ట్రంకుపెట్టె కడ్డీ పట్టుకుంటే అరచెయ్యి కాలింది. మా బ్యారక్ వెనక కాకులు ఎగరడం మానేసి నీడ వెంబడి నడిచి వెళ్లేవి. ఊళ్లో సైన్యం కథ చెప్పమంటే నేను చిరుతపులుల్ని కూడా దింపుతాను. ఈ కథలో మాత్రం ఆ కాకులు తప్ప నేను కలిపిందేమీ లేదు.

నా డ్యూటీ పెట్రోలు జీపు నడపడం. నీళ్ల ట్యాంకర్ల వరుసకు ముందుండి దారి చూపాలి. మనిషి నడిచే వేగం. రోజంతా ఫస్టు గేరు. పక్కన వైర్‌లెస్ ఆపరేటర్, శ్రీకాకుళం కుర్రాడు.

సర్వీసింగు రోజున కొత్త స్పార్క్ ప్లగ్గులు అడిగాను. స్టోరు చూసే హవల్దారుది గుంటూరు వైపు. నాలుగు ప్లగ్గులు బల్ల మీద పెట్టాడు.

"ఉస్తాద్, ఇవి కోల్డ్ ప్లగ్గులు. మన బండికి హాట్‌వి కావాలి."

"మతి పోయిందా నీకు? బయట నిప్పులు కురుస్తుంటే హాట్ పెడతానంటావేంది? అవి చలికాలానికి. ఇప్పుడు ఠండావే."

"ఇవి స్వెటర్లు కావు ఉస్తాద్!"

"నోరు బాగా లేస్తందే. ఆర్డర్. పోయి బిగించు."

హాట్, కోల్డ్ అన్నది వాతావరణం సంగతి కాదు. హాట్ ప్లగ్గు కొసన వేడి నిలుపుకుని, పట్టిన మసిని కాల్చేస్తుంది. కోల్డ్ ప్లగ్గు వేడిని త్వరగా వదిలేస్తుంది; బరువుతో, వేగంతో పరుగెత్తే ఇంజనుకు అది పనికొస్తుంది. పాకే బండికి పెడితే మసి పేరుకుని నిప్పురవ్వ చచ్చిపోతుంది. ఏ ప్లగ్గు వాడాలో బండితో వచ్చిన పుస్తకంలోనే ఉంది. హవల్దారు దాన్ని తెరవలేదు. పాత ప్లగ్గుల కొసలు అరిగిపోయాయి, వాటితో లాభం లేదు. ఆర్డరు ప్రకారం బిగించాను.

వారం తిరక్కుండా ఇంజను దగ్గడం మొదలుపెట్టింది. ప్లగ్గులు విప్పి, తీగ బ్రష్షుతో తోమి, మళ్లీ బిగించేవాణ్ణి. రెండుసార్లు స్టోరుకు వెళ్లి అరిచాను. "ఠీక్ హై, చూద్దాంలే," అన్నాడు.

ఓ మధ్యాహ్నం ఆపరేటర్ సీట్లో వాలిపోయాడు.

"అన్నా, ఒళ్లు కాలిపోతంది. సెమట కూడా రాట్లేదు."

నుదురు ముట్టుకుంటే ఇంజను మూత ముట్టుకున్నట్టే ఉంది. ట్యాంకర్లను అక్కడే ఆపించి, అతని మీద క్యాన్ నీళ్లు గుమ్మరించి, ఆసుపత్రి వైపు తిప్పాను. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజను నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

వైర్‌లెస్ సెట్టు అందుకున్నాను. "కంట్రోల్, బండి ఆగింది. మనిషికి వడదెబ్బ. ఓవర్."

"వేరే బండి బయలుదేరింది. జామ్‌లో ఉంది. ఓవర్."

అతన్ని జీపు నీడలో పడుకోబెట్టి ప్లగ్గులు విప్పాను. నాలుగూ కాటుక పూసినట్టున్నాయి. వేళ్లు కాలుతున్నా తోముతూనే ఉన్నాను. వెనక హారన్లు. ఒకాయన ఏసీ కారు అద్దం బెత్తెడు దించి, "భాయ్ సాబ్, గాడీ సైడ్ మే లగావో!" అని బండి పక్కకు తియ్యమన్నాడు. నా నోట వచ్చిన మాట ఇక్కడ రాయను. చివరికి పుచ్చకాయల టెంపో వాడు ఆగాడు. "ఉఠావో భయ్యా," అంటూ కుర్రాడి కాళ్లు తనే పట్టి ఎత్తాడు. ఆ టెంపోలోనే ఆసుపత్రికి చేర్చాం.

కుర్రాడు బతికాడు. కానీ ఆలస్యంగా తెచ్చారని, వేడి మెదడుకు తగిలిందని డాక్టరు చెప్పాడు. వార్డు బయట హవల్దారు నిలబడి ఉన్నాడు. "ఎండ కదా అనుకున్నానయ్యా," అన్నాడు. కాలరు పట్టుకున్నాను. నర్సు విడిపించింది.

తర్వాత పింఛను తీసుకుని ఊరికొచ్చేశాను. ఎవరైనా తమ బండికి ఏ ప్లగ్గు వెయ్యాలి అని అడిగితే ముందు కోపం వస్తుంది, తర్వాతే జవాబు. అప్పట్లో ఓ రోజు చూడ్డానికి వెళితే, వార్డులో కుర్రాడు పెరుగన్నం తనే తింటానని పట్టుబట్టాడు. చెంచా వణుకుతూ లేచింది. నోరు తెరిచే ఉంది. చెంచా వెళ్లి చెంపకు తగిలింది. మళ్లీ లేచింది. మళ్లీ చెంపకే.