మంచులో బల్ల

యాలకులు, దాల్చినచెక్క వేసి మరిగించిన టీ వాసన తగిలితే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

కరోనా రోజులు. జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో మా ఎదురింట్లో సహ్రా ఆంటీ అనే సోమాలీ ఆవిడ ఉండేది. రోజూ నలుగురైదుగురు ఆడవాళ్లు ఆమె ఇంటికి వచ్చేవారు. లోపలినుంచి మాటలు, ఆ టీ వాసన. బయటివాళ్లని ఒక్కరికి మించి రానివ్వకూడదని మా టీచర్ చెప్పింది కదా, వీళ్లు పార్టీలు చేసుకుంటున్నారనుకున్నాను. పదకొండేళ్ల దాన్ని, కిందికి పరుగెత్తి మా బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్‌కి చెప్పేశాను.

"ఎంత చక్కగా జర్మన్ మాట్లాడుతున్నావు!" అని మెచ్చుకున్నాడాయన. ఆ రోజంతా గాల్లో తేలాను.

మర్నాటి నుంచి ఆంటీ బల్ల వేసుకుని బిల్డింగ్ వెనక మంచులో కూర్చుంది.

వారం తర్వాత మా వీసా ఉత్తరం పట్టుకుని అమ్మ నన్నక్కడికి తీసుకెళ్లింది. "వీసా ఆఫీసుల టెర్మిన్ దొరుకుతలేదు బిడ్డా, అపాయింట్‌మెంట్ లేకుంటె లోపలికి రానియ్యరు. భాష రానోళ్ల కోసం ఆఫీసులతోని కొట్లాడేది ఆమెనే," అంది. వరుసలో అందరి చేతుల్లోనూ అలాంటి ఉత్తరాలే.

చలికి కొంకర్లు పోయిన వేళ్లతో ఆంటీ ఫోన్ చేసి, గట్టిగా వాదించి మాకు టెర్మిన్ ఇప్పించింది. ఫ్లాస్కులోంచి టీ పోసి నా చేతికిస్తూ, "లోపలైతే వెచ్చగా ఉండేది. ఎవరో ఫిర్యాదు చేశారమ్మా," అంది జర్మన్‌లో.

నేనూ జర్మన్‌లోనే థాంక్స్ చెప్పాను.

"ఎంత చక్కగా మాట్లాడుతున్నావు!" అని ఆంటీ మురిసిపోయింది.

ఆ మాట అంతకు ముందు ఎవరి నోట, దేనికి విన్నానో ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు.